మైలుగల్లులో ఈశ్వరమ్మ బోణీ

2006వ సంవత్సరం నవంబరు 19వ తేదీ, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. రాత్రినుండి అనంతపురం మీద మబ్బు కమ్ముకొని ఉన్నదే గాని చినుకు రాలలేదు. తూర్పుగాలి చలిగా, పొడిగా వీస్తూ, పాతూరు బజారులో అంగళ్ళ ముందు చల్లిన నీళ్ళను అప్పటికప్పుడే పీల్చివేస్తున్నది. ఆ సమయంలో రామకృష్ణయ్య కంబళ్ళ అంగడి ముందు ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. దిగిన మనిషికి ముప్పై అయిదేళ్ళలోపు వయస్సు. హెల్మెట్టు తీసి చంకన పెట్టుకొని, దుమ్ము పట్టిన కనుబొమలు తుడుచుకొని, అంగడి బోర్డును ఒకసారి చదువుకొని అరుగు దగ్గరకు వచ్చాడు.

"ఈడ ఈశ్వరమ్మ అనే మనిషి ఉండాదా?"

అరుగుమీద కూర్చొని జంపఖానాల అంచున వేలాడే దారాలను కత్తిరిస్తున్న పెద్దావిడ తలయెత్తింది.

"నేనేనప్పా. ఏం కావల్ల?"

ఆ మనిషి ఆమెను కాసేపు నిదానించి చూశాడు. "ఏమీ లేదమ్మా. నువ్వు ఉండావా లేదా అని సూసిపోదామని వచ్చినా."

"ఉండా," అన్నది ఈశ్వరమ్మ, కత్తెర పక్కన పెడుతూ. "కూర్చో. నీళ్ళు తాగుతావా?"

ఒక మనిషి ఈ లోకంలో ఉన్నదా లేదా అని తేల్చుకొనడానికి మరొక మనిషి తెల్లవారకముందే లేచి, బెంగుళూరునుండి రెండు వందల కిలోమీటర్లు బండి తోలుకొని రావలసినంత పని ఎందుకు పడిందో తెలియాలంటే, ముందుగా ఈశ్వరమ్మ చేతిని గురించి తెలియాలి.

ఈశ్వరమ్మ ఆ పాతూరులోనే వర్తకుల ఇంట పుట్టింది, వర్తకుల ఇంటికే కోడలై వెళ్ళింది. కాపురానికి వచ్చిన ఏటనే ఎదురింటివారు ఇత్తడి సామాను అంగడి తెరిచారు. పిలిచినారు గదా అని పోయి, ఆమె ఒక ఉద్ధరిణి కొన్నది. ఆ అంగడి ఏడాది తిరక్కముందే పక్క అంగడిని కూడా కలుపుకొన్నది. అది ఇత్తడికి గిరాకీ బాగున్న కాలమన్న మాట ఎవరూ తలచలేదు. ఈశ్వరమ్మ చెయ్యి మంచిదన్నారు. అటు తరువాత ఆ బజారులో ఎవరు కొత్త అంగడి తెరిచినా, పాత అంగడికి కొత్త లెక్కలు మొదలుపెట్టినా, ముందురోజే ఆమెకు పిలుపు వచ్చేది. ఆమె తలంటుకొని, జరీ అంచు చీర కట్టుకొని, గడప దాటి వెళ్ళి, పసుపుకొమ్ములనో సూదుల పొట్లాన్నో కొని, దుడ్లు గల్లాపెట్టె మీద పెట్టి, ఒక మంచిమాట చెప్పి వచ్చేది. ఆమె సొంత ఇంట్లో పిల్లలు లేరు. ఆ బజారు అంగళ్ళే తన చేతిమీద పెరిగిన పిల్లలైనట్లు ఆమెకు లోలోపల ఒక భావం ఉండేది. దానిని ఆమె ఎన్నడూ పైకి అనలేదు.

1998 వేసవిలో ఆమె భర్త పోయినాడు. కర్మలు ముగిసిన తరువాత తమ్ముడు రామకృష్ణయ్య ఆమెను తన ఇంటికి తెచ్చుకొన్నాడు. బజారులో ఎవరూ ఆమెను పల్లెత్తి ఒక మాట అనలేదు. కష్టం సుఖం అడిగేవారు, కుర్చీ వేసేవారు. పిలుపు మాత్రం ఆగిపోయింది. ఒకనాడు ఉదయం ఆమె టెంకాయ కోసం పోతే, ఆమె చేతిమీదనే అంగడి తెరిచిన మనిషి, తన అంగడిలో ఇంకా బోణీ కానందున, వెనుకకు తిరిగి డబ్బాలు సర్దుకుంటూ, మరొకరు వచ్చి ఒక అగ్గిపెట్టె కొనేదాకా ఇటు తిరగలేదు. ఈశ్వరమ్మకు కోపం రాలేదు. తాను ఆయన స్థానంలో ఉంటే ఏమి చేసేదో ఆమెకు తెలుసు. ఆనాటినుండి ఆమె పది గంటలు దాటితే గాని ఏదీ కొనడానికి బజారులోకి దిగేది కాదు.

అట్లు ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆ ఎనిమిదేళ్ళలో తన చెయ్యి నిజంగా చెడిందా, లేక బజారు అట్లు అనుకొన్నదా అన్న ప్రశ్నను ఆమె ఒక మూల పెట్టి ఉంచింది. తేలని ప్రశ్నతో బతకవచ్చు. తేలితే, అది తనకు వ్యతిరేకంగా తేలితే, అటు తరువాత ఏ ముఖంతో అరుగుమీద కూర్చోవాలో ఆమెకు తెలియలేదు.

రామకృష్ణయ్య అంగడిలో జంపఖానాలు, తాళ్ళు, గోనెపట్టాలతోపాటు నల్ల కంబళ్ళు అమ్మేవారు. ముదిగుబ్బ పక్క పల్లెలలో కురుబవారు గొర్రెబొచ్చు వడికి, గుంటమగ్గాల మీద నేసి, చింతగింజల గంజి పట్టించిన కంబళ్ళవి. ఒకప్పుడు రైతుకు, గొర్రెలకాపరికి అవి లేనిదే చలికాలం గడిచేది కాదు. పట్నాలనుండి పూలూ నెమళ్ళూ అచ్చువేసిన నున్నని రగ్గులు వచ్చిన తరువాత వాటిని అడిగేవారు తగ్గిపోయారు. నేతగాళ్ళలో ఆఖరుకు మిగిలిన ముత్యాలప్ప కూడా మగ్గం గుంటమీద పలకలు పరచి, మేకపిల్లలను కట్టేసుకొంటున్నాడు.

రామకృష్ణయ్య కొడుకు భరత్‌కుమార్‌కు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. బి.కాం. చదివి అంగట్లో కూర్చొనేవాడు. పాత మోటారు సైకిలు ఒకటి కొని బాగుచేసుకొన్నాడు. సాయంకాలమైతే టవర్ క్లాక్ దగ్గరి నెట్ సెంటరులో చేరి, 'మైలుగల్లు' అనే ఫోరంలో కాలం గడిపేవాడు. మైలుగల్లు అంటే కన్నడంలో మైలురాయి. మోటారు సైకిళ్ళమీద దూరప్రయాణాలు చేసేవారు బెంగుళూరులో పెట్టుకొన్న వేదిక అది. ఏ దారిలో గుంతలున్నాయి, ఏ ఊళ్ళో మంచి మెకానిక్కు ఉన్నాడు అని కన్నడమూ తెలుగూ ఇంగ్లీషూ కలగలిపి, ఇంగ్లీషు అక్షరాలతో రాసుకొనేవారు. భరత్‌కుమార్ తన కంబళిని బండి వెనుక కట్టుకొని హంపీ దగ్గర కొండరాతి మీద పడుకొన్న ఫోటో ఒకటి అందులో పెట్టగా, అది యాడ దొరుకుతాదని పదిమంది అడిగారు. అమ్మకాలకు ఆ ఫోరంలో వేరే గదులు, అంటే విడి పేజీలు, ఉన్నాయి. కంబళ్ళు అమ్ముకొనడానికి అతనికీ ఒకటి దొరికింది.

దీపావళి వెళ్ళిన వారం, పెరటిలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మేనత్త దగ్గరకు వచ్చి భరత్‌కుమార్ చతికిలబడ్డాడు.

"అత్తా, బోణీ నువ్వే చెయ్యల్ల."

ఈశ్వరమ్మ ఈనె తీయడం ఆపలేదు. "ఎవురికి?"

"నా అంగడికి."

"నీకు అంగడి యాడుండాదిరా? మీ నాయనదే మూసేటట్ల ఉండాది."

"కంప్యూటర్లో."

"దానికి అరుగుంటాదా?"

"ఉండదు."

"మరి నేను యాడ నిలబడి కొనల్ల?"

అతడు నవ్వలేదు. ఆమె చేతిలోని చిక్కుడుకాయను గంపలో వేసి అతని ముఖం చూసింది. "ఒరే, నా చేత బోణీ చేయించుకునేటోళ్ళు ఇప్పుడు లేరు. తెలిసే అడుగుతాండావా?"

"తెలుసు."

"మీ అమ్మకు తెలుసా?"

భరత్‌కుమార్ గంపలోకి చూశాడు. "ఆడ ఎవురూ సూడరత్తా. పేరొక్కటే కనపడతాది. నువ్వెట్లుంటావో ఎవురికీ తెలీదు."

ఆ మాట ఆమెకు తీపిగానూ తగిలింది, ముల్లుగానూ తగిలింది. బొట్టు లేని నుదురు ఎవరికీ కనిపించని చోటు ఒకటి ఉన్నదంటే, అక్కడ తన చెయ్యి చెయ్యిగానే ఉంటుంది. కాని ఎవరికీ కనపడకుండా చేసేది బోణీయేనా అన్న శంక కూడా వెంటనే కలిగింది.

"ఆ బేరం చెడిపోతే?"

"నా తలరాత అనుకుంటా."

"నువ్వనుకుంటావు. బజారేమనుకుంటాది?"

ఆమె మళ్ళీ ఒక కాయ అందుకొని ఈనె తీసింది. తేలనీయకుండా మూల పెట్టిన ప్రశ్నను ఈ పిల్లవాడు తెచ్చి ఒడిలో వేశాడు. వద్దనడం సులభం. వద్దంటే, బజారు తీర్పునకు తానే వేలిముద్ర వేసినట్లవుతుంది.

"శుక్రవారం," అన్నది చివరకు. "రాహుకాలం రాకముందే పోదాం."

శుక్రవారం ఆమె తలంటుకొని, ఉన్నంతలో మంచి తెల్లచీర కట్టుకొని, అన్నప్రకారమే నెట్ సెంటరుకు వెళ్ళింది. భరత్‌కుమార్ తన అమ్మకం ప్రకటన పెట్టి, అదే యంత్రంమీద ఆమె పేరుతో ఒక సభ్యత్వం తెరిచాడు. ఆమె చిన్ననాడు ఎనిమిదో తరగతిదాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. చూపుడువేలుతో ఒక్కొక్క అక్షరమే వెదికి నొక్కుతూ, "ఈ అక్షరాలు వరసలో లేవేమిరా?" అని అడిగింది.

"అట్లనే ఉంటాయత్తా."

"ఎవురు పేర్చినారో గానీ, బళ్ళో కూర్చున్నోడు గాదు."

'నాకు ఒకటి. ఈశ్వరమ్మ' అని ముగించి, ఆమె కొంగుముడి విప్పింది.

"ఇప్పుడు యాలత్తా? ఇంటికి పోయినాక ఇద్దువులే."

"ఊరికే రాసేది బోణీ కాదు. దుడ్లు చేతిలో పడల్ల," అని, అతని అరచేతిలో డబ్బు పెట్టి, ఆ చేతిని తన చేతులతో మూసి, పూర్వం అంగళ్ళవారికి చెప్పిన మంచిమాటే చెప్పింది. ఇంటికి వచ్చి కంబళి తీసుకొని, ఆ రాత్రే కప్పుకొన్నది.

వారం తిరక్కుండానే బెంగుళూరునుండి, మైసూరునుండి, హుబ్లీనుండి అడిగేవారు, ముందుగానే దుడ్లు పంపేవారు మొదలైనారు. భరత్‌కుమార్ ముదిగుబ్బ బస్సెక్కిపోయి ముత్యాలప్పతో మగ్గం గుంట తెరిపించాడు. "మోటారు సైకిళ్ళకు కంబళ్ళు యాలప్పా? అవిటికీ చలి పెడతాదా?" అని ముత్యాలప్ప అడిగినాడట. ఆ మాట విని ఈశ్వరమ్మ చాలాసేపు నవ్వింది. రాత్రి పడుకొన్నప్పుడు కుడిచేతిని కంబళి బయటకు తీసి ఒకసారి చూసుకొన్నది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

తరువాతి సోమవారం పిడుగు పడింది. మైలుగల్లును నడిపే మనిషి ఆ అమ్మకం గదిని మూసివేసి, అందరూ చదివేటట్లు ఒక ప్రకటన పెట్టాడు. మొదటి కొనుగోలుదారూ అమ్మకందారూ ఒకే యంత్రంనుండి, ఒకే ఉదయం రాశారని, ఆ ఈశ్వరమ్మ అదే రోజు చేరి, ఒకే ఒక్క మాట రాసి మాయమైందని, ఆమె అనే మనిషి లేదని, గిరాకీ ఉన్నట్లు చూపడానికి అమ్మకందారే కల్పించిన బోగస్ పేరని అందులో ఉన్నది. ఫోరంలో అది అన్నిటికన్నా పెద్ద తప్పు. కింద సభ్యులు తలొక మాట అన్నారు. "రేపు గొర్రె కూడా సభ్యత్వం తీసుకొని, తన కంబళి తానే కొనుక్కుంటాదేమో" అని ఒకడు రాశాడు. సంజాయిషీ వచ్చేదాకా ఎవరూ సరుకు తీసుకోవద్దని తీర్మానమైంది.

భరత్‌కుమార్ రెండు దినాలు అన్నం సరిగా తినలేదు. మూడవనాడు రామకృష్ణయ్య గట్టిగా నిలదీయగా సంగతి బయటపడింది. వంటింటిలో అతని తల్లి వనజాక్షి చారు కలియబెడుతున్నది. బోణీ ఎవరిచేత చేయించాడో ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమె వెనుకకు తిరగలేదు.

"నన్నొక మాట అడిగింటే, మా పిన్నమ్మ కూతుర్ని పిలిచిందును," అన్నది గిన్నెతో చెప్పినట్లు. "ఎవురు అడిగినారు?"

ఆ మాట ఎవరికి తగలాలో వారికి తగిలింది. రామకృష్ణయ్య "గమ్మునుండు" అని గొణిగాడు. ఈశ్వరమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నది. ఎనిమిదేళ్ళుగా తాను భయపడిన తీర్పు ఇదే. అంగడి తెరిచి పట్టుమని పది రోజులు కాలేదు, మూతబడింది. ఆమె గొంతు మాత్రం మామూలుగానే ఉన్నది.

"ఆళ్ళు అడిగిందానికి నువ్వేమి రాసినావురా?"

భరత్‌కుమార్ నసిగాడు. ఆమె మళ్ళీ అడిగింది.

"ఆమె ఎవురో నాకు తెలీదు, అదే నెట్ సెంటరుకు వచ్చిన కస్టమరు అని రాసినా."

"నేనెవురో నీకు తెలీదా?"

"అట్ల గాదత్తా. అంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళు. బోణీ అంటే నవ్వుతారు."

"నవ్వనీలే. నవ్వినోడు నవ్వుకుంటానే కొంటాడు. అబద్ధం సెప్పినోని దగ్గర ఎవురు కొంటారు?" ఆమె లేచి నిలబడింది. "పద. నేను రాస్తా."

అమ్మకం గది మూసినా, సంజాయిషీ చెప్పుకొనే గది ఒకటి ఆ ఫోరంలో తెరిచే ఉంటుంది. అందులో ఆమె చెప్పగా భరత్‌కుమార్ టైపు చేశాడు. అతడు మార్చకుండా ఉండటానికి ఆమె ఒక్కొక్క వాక్యాన్ని తిరిగి చదివించుకొన్నది.

'నా పేరు ఈశ్వరమ్మ. భరత్‌కుమార్ నా తమ్ముని కొడుకు. నేనెవరో తెలియదని వాడు రాసింది అబద్ధం, సిగ్గుపడి రాసినాడు. మా ఇండ్లలో ఏ వ్యాపారమైనా, చెయ్యి మంచిది అనుకున్న మనిషి మొదట ఒకటి కొంటే గాని మొదలుపెట్టరు. వాడు నన్ను పిలిచినాడు. నేను దుడ్లిచ్చి కొన్నాను. ఆ కంబళి నేనే కప్పుకుంటున్నాను. కొత్తలో గరుకుగా ఉంటుంది, చింతగింజల గంజి వాసన వస్తుంది. ఎండకు వేసి కప్పుకుంటూ ఉంటే పోతుంది. ఆ సంగతి వాడు రాయలేదు గనుక నేను రాస్తున్నాను.'

అక్కడికి భరత్‌కుమార్ ముగిసిందనుకొని చెయ్యి తీశాడు.

"ఇంకా ఉండాది. రాయి. నా భర్త పోయి ఎనిమిదేండ్లయింది. మా బజారులో ఇప్పుడు నా చేత బోణీ చేయించుకోరు. మీలో ఎవరికైనా ఆ పట్టింపు ఉంటే కంబళి మానుకోండి. మీ దుడ్లు మీకు వాపసు ఇస్తాడు."

"అది యాలత్తా? ఆళ్ళకు అక్కర లేదు."

"నాకు అక్కర."

అతడు రాశాడు. రాసినది కనపడగానే ఆమెకు, చాలాకాలానికి ఎవరి ఇంటికో పట్టపగలు ముందువాకిలినుండి పోయినట్లు అనిపించింది.

ఫోరంలో ఆ మాటలు చదివి కొందరు నమ్మారు. కొందరు, మొదటి కట్టుకథకన్నా రెండవది బాగా కట్టాడన్నారు. ఇరుపక్షాల వాదన వారంపైగా నడిచింది. అది తెగకపోవడం వల్లనే, మైలుగల్లును నడిపే విష్ణువర్ధన్ ఆ ఆదివారం ఎవరికీ చెప్పకుండా బండి తీశాడు. అరుగుమీద కూర్చొని ఈశ్వరమ్మ ఇచ్చిన నీళ్ళు తాగుతున్న మనిషి అతడే.

తానెవరో చెప్పుకొని, "మాది ముదిగుబ్బ పక్కనేనమ్మా," అన్నాడు.

"అట్లనా? సేద్యం ఉండాదా ఇంకా?"

"ఉండాది. మా నాయన చేస్తాడు. చెనిక్కాయ పెట్టినాడు గానీ, ఈ యాడాది ఊడలే దిగలేదు, కాయ పట్టలేదు."

"యాడ దిగుతాయిలే, వాన లేక నేలలో పదును లేకపాయె," అని ఆమె నిట్టూర్చింది. ఇంతలో లోపలినుండి రామకృష్ణయ్య వచ్చాడు. ఆయన వెనుక భరత్‌కుమార్ వచ్చి, ఫోరం ఫోటోలలో చూసిన మనిషిని గుర్తుపట్టి, తాళ్ళ చుట్టల పక్కన నిలబడిపోయాడు. వనజాక్షి నడిమింటి గడప దగ్గర ఆగింది.

"నీ కంబళి ఒకసారి సూపిస్తావామ్మా?" అన్నాడు విష్ణువర్ధన్.

ఈశ్వరమ్మ ఇంట్లోకి పోయి తెచ్చింది. అతడు దానిని విప్పి, మడతలు పడ్డచోట చేతితో రుద్ది, వాసన చూశాడు. కుంపటి నిప్పురవ్వ పడి ఒక మూల కాలిన మచ్చ ఉన్నది. కప్పుకొన్న కంబళికీ బీరువాలోని కంబళికీ భేదం ముదిగుబ్బ పక్క పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కరలేదు.

"గంజి వాసన ఇంకా పోలేదే."

"పోలేదు. నెలన్నా కావల్ల గదా."

అతడు కంబళిని మడిచి ఆమెకు ఇచ్చాడు. "అమ్మా, నువ్వుండావు. రాసింది నువ్వే, కొన్నదీ నువ్వే. లేదని రాసినందుకు నేను తప్పు ఒప్పుకుంటా, ఆడనే రాస్తా. కానీ వీడు నువ్వెవురో తెలీదని రాసినాడు. అది పోదు."

"పోగూడదు," అన్నది ఈశ్వరమ్మ.

"ఉగాదిదాకా వీడు ఆడ ఏదీ అమ్మేదానికి లేదు."

"అన్నా, ముత్యాలప్ప మగ్గం మీద కూర్చోనుండాడు," అన్నాడు భరత్‌కుమార్ మెల్లగా. "మేకపిల్లల్ని గూడా వేరేచోట కట్టేసుకున్నాడు."

"మేకపిల్లల సంగతి అబద్ధం రాసేముందు తలుచుకోవల్ల," అన్నాడు విష్ణువర్ధన్. పిమ్మట ఈశ్వరమ్మ వైపు తిరిగాడు. "వీని పేరుతో అమ్మేదానికి లేదు. నీ పేరుతో అమ్మగూడదని రూలు లేదు. నువ్వు మెంబరువే."

ఈశ్వరమ్మ కంబళిని ఒడిలో పెట్టుకొన్నది. "నేను రాసింది అంతా సదివినావా నాయనా? ఆఖర్లో రాసింది?"

"సదివినా."

"ఎంతమంది మానుకున్నారు?"

ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆమె గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని గొంతు. రామకృష్ణయ్య తల వంచుకొన్నాడు.

"ఒకడు," అన్నాడు విష్ణువర్ధన్.

ఆమె తల పంకించింది.

"గరుకుగా ఉంటాదన్నావు గదా, అందుకు మానుకున్నాడు. వాని భార్యకు గరుకు పడదంట. నువ్వడిగే దానికైతే ఎవురూ మానుకోలేదమ్మా."

తాళ్ళ చుట్టల పక్కన భరత్‌కుమార్ ముందుగా నవ్వాడు. తరువాత రామకృష్ణయ్య నవ్వాడు. ఈశ్వరమ్మ నవ్వలేదు గాని, కొంగుతో ముఖమంతా ఒకసారి తుడుచుకొన్నది.

"నాకూ ఒకటి ఇయ్యండి. వచ్చినోన్ని ఉత్తచేతులతో యాల పోవల్ల?" అన్నాడు విష్ణువర్ధన్.

ఆనాడు అంగట్లో ఇంకా బోణీ కాలేదు. అది ఇంటిల్లిపాదికీ తెలుసు. రామకృష్ణయ్య లేచి బీరువానుండి కంబళి తీశాడు. ఈశ్వరమ్మ ఎనిమిదేళ్ళ అలవాటు చొప్పున అరుగుమీద ఒక పక్కకు జరిగి, గల్లాపెట్టెకు దూరంగా కూర్చొన్నది. అప్పుడు వనజాక్షి గడప దిగి వచ్చి, మగని చేతిలోని కంబళి తీసుకొని ఈశ్వరమ్మ ఒడిలో పెట్టింది.

"నువ్వే ఇయ్యి వదినా. బోణీ కాలేదు ఇంకా."

అన్నం ఉడికిందని చెప్పినట్లే ఆ మాట చెప్పి, ఆమె తిరిగి లోపలికి పోయింది. ముత్యాలప్ప మగ్గాన్ని తలచి అన్నదో, ఆనాడు గిన్నెతో అన్న మాటకు నొచ్చుకొని అన్నదో తెలియదు. ఈశ్వరమ్మ లేచి నిలబడి, కంబళిని రెండు చేతులా ఎత్తి విష్ణువర్ధన్‌కు ఇచ్చింది. అతడు ఇచ్చిన డబ్బు కళ్ళకద్దుకొని గల్లాపెట్టెలో వేసింది. ఎండ రాకుండానే పొద్దెక్కింది. అతడు బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు తిని, కంబళిని బండి వెనుక కట్టుకొని, ముదిగుబ్బ మీదుగా నాయనను చూసుకొని పోతానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత జరిగిన సంగతులు ఇవి.

విష్ణువర్ధన్ ఆ మంగళవారం మైలుగల్లులో తన పొరపాటు రాసి, అమ్మకం గదిని ఈశ్వరమ్మ పేరుతో తిరిగి తెరిచాడు. భరత్‌కుమార్‌పై నిషేధం 2007 ఉగాదిదాకా సాగింది. అమ్మేవారి బంధువులు మొదట కొనవచ్చునని, బంధుత్వం మాత్రం దాచకూడదని ఆ ఏడాదే ఫోరం నిబంధనలలో ఒక వాక్యం చేరింది. సభ్యులలో ఎవరు ఏది అమ్మకానికి పెట్టినా, మొదట ఈశ్వరమ్మ రాయాలని అడగడం వాడుకైంది. ఆమె అట్లు బ్యాటరీ దీపం, వానకోటు, బండి సంచులు, మోకాలి తొడుగులు కొన్నది. మోకాలి తొడుగులను ముత్యాలప్పకు ఇచ్చింది. ఆమె బోణీ చేసిన బేరాలన్నీ సాగలేదు. ఒకరు పెట్టిన గుడారాల అమ్మకం మూడు నెలలకే ఆగిపోయింది. దానిని గురించి అడిగినప్పుడు, కుట్టు బాగాలేదని మాత్రం ఆమె అన్నది.

పాతూరు బజారులో ఆమెను తిరిగి బోణీకి పిలిచినవారు ఒక్కరే. 2008లో జిరాక్సు అంగడి పెట్టిన ఓబుళేసు పిలిచాడు. తక్కిన అంగళ్ళవారు పిలవలేదు.

ముత్యాలప్ప 2009లో చూపు మందగించి నేత మానుకొన్నాడు. అతని కొడుకు కదిరిలో ఆటో నడుపుతున్నాడు. కంబళ్ళ సరఫరా అంతటితో ఆగింది. సభ్యులు వేరే వెబ్‌సైట్లకు తరలిపోగా మైలుగల్లు 2009 డిసెంబరులో మూతబడింది. విష్ణువర్ధన్ బెంగుళూరులో ఉద్యోగంలోనే ఉన్నాడు. రామకృష్ణయ్య అంగడిని ఇప్పుడు భరత్‌కుమార్ చూసుకొంటున్నాడు. జంపఖానాలు, తాళ్ళు అమ్ముతాడు. ఈశ్వరమ్మ అరవై అయిదేళ్ళ వయస్సున తమ్ముని ఇంట్లోనే ఉన్నది. ఆరోగ్యం బాగున్నది.